లుద్విక్ మెచ్చని గిటార్లు

ఈ అయిదారేళ్ళలో లుద్విక్ జుమెర్ నోట ఒక గిటారు గురించి మంచిమాట విన్నవాళ్ళు మా లోయలో ఎవరూ లేరు. మనుషుల్ని ఆయన పల్లెత్తు మాట అనేవాడు కాదు. కుక్క కరిచినా "పాపం, దానికేం కష్టమొచ్చిందో" అని పిక్క తుడుచుకుంటూ పోయేవాడు. గిటారు కంటబడితే మాత్రం ఆయనకు పూనకం వచ్చేది. వంగి దాని పొట్టమీద వేలి కణుపుతో మూడుసార్లు తట్టేవాడు. చెవి ఆనించేవాడు. కంతలో ముక్కు పెట్టి వాసన చూసేవాడు. ఏ పళ్ళ డాక్టరు దగ్గర కొట్టుకొచ్చాడో గానీ, జేబులో పొడుగు కాడ ఉన్న బుల్లి అద్దం ఒకటుండేది. దాన్ని లోపలికి దూర్చి నాలుగు మూలలూ వెతికేవాడు. ఆఖరికి నడుం పట్టుకుని లేచి, చావుకబురు మోసుకొచ్చినవాడి మొహం పెట్టి, ఒకే ఒక్క మాట అనేవాడు.

"కోళ్ళగూడు."

ఆ తీర్పు మీద అప్పీలు లేదు. రాజధాని లుబ్లియానాలోని సంగీత కళాశాల ప్రొఫెసరు గిటారూ కోళ్ళగూడే, సంతలో కొన్న గిటారూ కోళ్ళగూడే. ఒకసారి మా చర్చి ఫాదరుగారు తన కొత్త గిటారు మీద పవిత్రజలం చల్లి మరీ చూపించారు, అప్పుడైనా నోరు కట్టుకుంటాడేమోనని. లుద్విక్ యథావిధిగా తట్టి, విని, వాసన చూసి, "ఇప్పుడిది దీవెన పొందిన కోళ్ళగూడు ఫాదర్" అన్నాడు.

మనిషి ఆరడుగుల పొడవు. ఎండాకాలంలో కూడా నల్లకోటు. పెళ్ళికి వచ్చినా సమాధులవైపు పోతూ దారిలో ఆగినట్టే ఉండేవాడు. కుర్చీలు, బల్లల ఫ్యాక్టరీలో వడ్రంగిగా చేసి రిటైరయ్యాక ఇంటి వెనక షెడ్డులో గిటార్లు బాగుచేసేవాడు. అన్ని గిటార్లూ కాదు, బొజ్జ గిటార్లు మాత్రమే. వయొలిన్‌కు లాగా ముందు చెక్క ఉబ్బెత్తుగా చెక్కి, లోపలంతా బోలుగా వదిలి, అటొకటి ఇటొకటి ఎఫ్ అక్షరం ఆకారంలో కంతలు కోసిన పెద్ద గిటారును మా దగ్గర అలాగే అంటారు. అది జాజ్ సంగీతం కోసం పుట్టిందని పుస్తకాల్లో ఉందట. మావాళ్ళు ఆ పుస్తకాలు చదవలేదు. ఎకార్డియను, క్లారినెట్, ట్రంపెట్, లావుపాటి బాకా, వాటి మధ్య ఒక బొజ్జ గిటారు ఉంటేనే పోల్కా డాన్సుకు కాలు లేస్తుందని మావాళ్ళ నమ్మకం. అక్కడ గిటారు పాట పాడకూడదు. రెండో దెబ్బకు "చక్" అని, వెంటనే నోరు మూసుకోవాలి. టైముకు మాట్లాడి టైముకు నోరు మూసుకునే గుణం మనుషుల్లోనే కరువు, ఇక చెక్కలో వెతకడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఆ కష్టం ఆ ఏడు మిల్కాకు వచ్చిపడింది.

మిల్కా మా ఊరి పోస్టు పంచే మనిషి. ముప్ఫయ్యారేళ్ళు. తండ్రి పావ్లె మా ఊరి బృందంలో ఇరవై రెండేళ్ళు బొజ్జ గిటారు వాయించాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పోయిన నెల తిరక్కుండా తల్లి మాల్చి ఆ గిటారును ఎవరో ఆస్ట్రియా ఆయనకు అమ్మేసింది. మిల్కా అప్పుడు మారిబోర్ పట్నంలో ఉద్యోగంలో ఉంది. వచ్చి చూసేసరికి గోడకు మేకు మిగిలింది. తర్వాత తల్లీ పోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో మిల్కా, ఒక రేడియో. రేడియోదే కాస్త పెద్ద గొంతు.

వసంతంలో బృందంలోని గిటారు మనిషి జర్మనీకి పనికి పోవడంతో, ఎకార్డియన్ వాయించే బ్లాజ్ ఆమెను గురువారం సాధనకు రమ్మన్నాడు. తండ్రి కూర్చున్న కుర్చీలోనే కూర్చోబెట్టాడు. మిల్కా దగ్గరున్నది గుండ్రటి కంత ఉన్న మామూలు గిటారు. ఇంట్లో వాయిస్తే ముద్దుగానే ఉంటుంది. ట్రంపెట్ పక్కన దాని పరిస్థితి సంతలో గొంతు బొంగురుపోయినవాడి పరిస్థితి. బ్లాజ్ ఆరు నెలలు ఓపిక పట్టి, సెప్టెంబరులో ఉన్న మాట చెప్పేశాడు. నవంబరులో మార్టిన్ పండుగకు మూడూళ్ళ జనం ఫైర్ స్టేషన్ హాలుకు వస్తారు. ఆలోపు బొజ్జ గిటారు సంపాదిస్తే ఆ కుర్చీ ఆమెది. లేకపోతే క్రాన్ పట్నం నుంచి తన పెద్దమ్మ కొడుకు వస్తాడు. అతనికి గిటారుంది, కానీ జాజ్ మనిషి. ఒక స్వరం అడిగితే ఏడు వేస్తాడు. అది బ్లాజ్‌కూ ఇష్టం లేదు, కానీ వినబడని గిటారు కన్నా ఎక్కువ వినబడే గిటారు నయమని అతని లెక్క.

మా లోయలో లుద్విక్‌ను అడక్కుండా బొజ్జ గిటారు కొనడం ఫాదరు లేకుండా పెళ్ళి చేసుకోవడం లాంటిది. మిల్కా వెళ్ళి అడిగింది. ఊరంతా ఆమెను వారించింది. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్తే ముసలిదానివయ్యేదాకా తిరుగుతావు అన్నారు. అయినా తండ్రికి స్నేహితుడు, చిన్నప్పటి నుంచి బాబాయ్ అని పిలిచిన మనిషి. ఆయన షెడ్డులో చెక్క చిత్రిక పడుతూనే తల ఊపాడు.

అక్టోబరు చివర్లో మా దగ్గర గిటార్లు బాగా దొరుకుతాయి. సకల పునీతుల పండుగ ముందు జనం సమాధులు కడిగి, పూలు పెట్టి, అదే ఊపులో ఇంటికొచ్చి బీరువాలు కూడా ఖాళీ చేస్తారు. పాల కేంద్రం గోడమీద కాగితాలు అంటుకుంటాయి. పోయినవాళ్ళ కోట్లు, పోయినవాళ్ళ బూట్లు, పోయినవాళ్ళ గిటార్లు. ఆ నెలంతా పొగమంచు లోయలోంచి లేవదు. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా దీపం వేసుకోవాలి.

మొదట రేజ్కా పిన్ని ఇంటికి వెళ్ళారు. భర్త వింకో ఏప్రిల్‌లో పోయాడు. ఆవిడ వీళ్ళకోసం అక్రోటు రొట్టె చుట్ట చేసి, కాఫీ పెట్టి ఉంచింది. గిటారు పెట్టె మీద దుమ్ము లేదు. పెట్టె తెరిచి గిటారు తీసి మిల్కా చేతికిచ్చింది గానీ, మెడ దగ్గర పట్టుకున్న చెయ్యి వదలడం మరిచిపోయింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని కాసేపు నిలబడ్డారు. మిల్కా ఒక్క దెబ్బ వేసింది. "చక్" అంది. ఎంత చక్కగా అందంటే మిల్కా వెంటనే ఇంకో దెబ్బ వేసింది. ఇదే, ఇంకేం చూడక్కర్లేదు అనుకుంది.

లుద్విక్ అప్పటికి మూడు రొట్టె ముక్కలు తిని, చేతులు తుడుచుకుని వచ్చాడు. తట్టాడు. విన్నాడు. వాసన చూశాడు. అద్దం దూర్చాడు.

"మెడ వంగింది. పొట్ట కుంగింది. లోపల ఎలుకలు రెండు తరాలు కాపురం చేశాయి" అన్నాడు. "కోళ్ళగూడు."

"మా ఆయన ముప్ఫయ్యేళ్ళు వాయించాడయ్యా దీన్ని" అంది రేజ్కా పిన్ని.

"ముప్ఫయ్యేళ్ళు కోళ్ళగూడు వాయించాడన్నమాట."

 ఆవిడ మొదట లుద్విక్ ముందున్న పళ్ళెం తీసింది. తర్వాత మిల్కా చేతిలోంచి గిటారు తీసింది. తర్వాత వీధి తలుపు తీసింది. తలుపు మూసుకున్నాక లోపలినుంచి ఆవిడ గొంతు పొగమంచులో చాలా దూరం వినిపించింది. వింకో బతికుండగా కూడా ఆవిడ అంత ధారాళంగా మాట్లాడలేదని పక్కింటివాళ్ళు తర్వాత చెప్పారు.

రెండోది మాంసం కొట్టు అన్నదమ్ములది. స్తానె, యూరె. తండ్రి చావు భోజనాల దగ్గర ఆయన గిటారు ఎవరికి చెందాలని మాటామాటా పెరిగి, ఏడాదిగా మాటల్లేవు. ఒకే ఇంటికి మధ్యలో బీరువాలు అడ్డంపెట్టి, చెరో తలుపు వాడుకుంటున్నారు. పీడ వదిలించుకుందామని స్తానె ప్రకటన అంటించాడు. వీళ్ళు వెళ్ళినప్పుడు యూరె తన తలుపు దగ్గర నిలబడి, చూడనట్టు చూస్తున్నాడు. లుద్విక్ తన పూజంతా పూర్తిచేసి, కోళ్ళగూడు అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. "మీ నాన్నకు చెవులు సరిగ్గా ఉండేవి కావా?" అని మర్యాదగా అడిగాడు.

ఏడాది తర్వాత ఆ అన్నదమ్ములు కలిసి చేసిన మొదటి పని లుద్విక్‌ను గేటు బయటికి గెంటడం. స్తానె చేతులు పట్టుకున్నాడు, యూరె కాళ్ళు పట్టుకున్నాడు. కారు కదిలాక మిల్కా వెనక్కి తిరిగి చూస్తే, ఇద్దరూ ఒకే తలుపు దగ్గర నిలబడి ఒకే తిట్టు తిడుతున్నారు.

"మంచి కుటుంబం" అన్నాడు లుద్విక్, కోటు దులుపుకుంటూ.

మూడోది లుబ్లియానాలో ఒక కుర్రాడి దగ్గర. ఎర్రటి ఎరుపు, అద్దంలా మెరుపు, కరెంటుతో వాయించే ఏర్పాటు. మిల్కా వాయిస్తే గది నిండా మెత్తటి మోత నిండి, చాలాసేపు పోలేదు. ఆమెకు నచ్చేసింది. లుద్విక్ ఈసారి మాత్రం నిజంగానే పాఠం చెప్పాడు. ఇది పలకలు అతికించి అచ్చులో వంచిన చెక్క, చెక్కింది కాదు. స్వరం మీద స్వరం పేర్చుకుంటూ పోయే జాజ్‌కు ఆ తేనె బాగుంటుంది. మన పాటలో ఒక "చక్" పోకముందే ఇంకో "చక్" వచ్చి దానిమీద కూర్చుంటుంది, అంతా ముద్దయిపోతుంది. మనకు కావలసింది తేనె కాదు, గుప్పెడు ఉప్పు. ఇదంతా చక్కగా చెప్పి, కోళ్ళగూడు అని ముగించాడు. ఆ కుర్రాడు జాజ్ పరువు కోసం వాదనకు దిగి, కారు దాకా వెంబడించాడు.

నాలుగో ఇంట్లో కుక్కను వదిలారు. ఐదో ఇల్లు ఒక రిటైరైన టీచరమ్మది. ఆవిడ అన్నగారి గిటారు. ఆవిడ తిట్టలేదు, కేకలు వెయ్యలేదు. లుద్విక్ మాట విని కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టె మూసి, "ఇది అమ్మడంలేదు" అంది. మిగతా నాలుగు ఇళ్ళలో తిన్న తిట్లకన్నా ఆ ఒక్క ముక్కే మిల్కాను ఎక్కువ బాధపెట్టింది. తను గిటారు కోసం తిరుగుతోందా, దిగులుగా ఉన్నవాళ్ళ గుమ్మాలెక్కి వాళ్ళను ఏడిపించడానికి తిరుగుతోందా అనిపించింది.  కారులో ఆయన మాత్రం టీచరమ్మ ఇంటి ఆపిల్ పండు కోటుకు తుడుచుకుని తృప్తిగా తిన్నాడు.

పునీతుల పండుగనాడు ఊరంతా సమాధుల దగ్గరే ఉంది. ఎర్రగాజు దీపాలు వేలకొద్దీ వెలిగించినా పొగమంచులో మనిషికి మనిషి కనిపించడంలేదు. మిల్కా అమ్మానాన్నల రాతి ముందు దీపం పెట్టి, నాన్నా, నీ కుర్చీ నిలబెట్టలేనేమో అని మనసులో చెప్పుకుంది. ఇంకా పది రోజులుంది. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఆ పొగమంచులో ఎవరేడ్చినా ఎవరికీ తెలియదు, మా ఊళ్ళో ఆ పండుగకు అదొక్కటే సౌకర్యం.

మర్నాడు ఆమె లుద్విక్‌కు చెప్పకుండా రేజ్కా పిన్ని ఇంటికి వెళ్ళింది. ఆయన మాట పట్టించుకోవద్దు, నాకా గిటారు కావాలి అంది. రేజ్కా పిన్ని గిటారును పొయ్యి పక్క బెంచీ పైన గోడకు తగిలించి పెట్టింది. ఆవిడ ఎడమచేతి వేళ్ళ కొసలకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. ఊరగాయకు క్యాబేజీ తరిగే రోజులు కదా, తెగి ఉంటాయనుకుంది మిల్కా.

"నువ్వడిగితే కాదనేదాన్ని కాదమ్మాయ్. మొన్నటిదాకా కాదనేదాన్ని కాదు" అంది ఆవిడ. "ఇప్పుడు మాత్రం ఇవ్వను. ఆ కొంగమొహం వాడు మా వింకో గిటారును అంతమాట అన్నాక, దాన్ని ఇంట్లోంచి పంపితే వాడి మాటే నిజమయినట్టు. నా ప్రాణం ఉండగా పంపను."

మిల్కా తిన్నగా లుద్విక్ షెడ్డుకు వెళ్ళింది. తలుపు కూడా తట్టలేదు.

"ఐదు గిటార్లు చూశాం బాబాయ్. ఐదూ కోళ్ళగూళ్ళేనా?"

"నాలుగే. ఆ ఎర్రది గిటారు కాదు, మిఠాయి."

"నవ్వించకండి. నేను నవ్వే స్థితిలో లేను." మిల్కా పోస్టు సంచీతోనే చెక్కపొట్టు మీద కూర్చుంది. "పొద్దున్నే లేచి ఊరందరికీ ఉత్తరాలు పంచుతాను. నాకు రాసేవాళ్ళు ఒక్కరూ లేరు. గురువారం సాయంత్రం రెండు గంటలు మాత్రం నలుగురు మనుషులు నా చెయ్యి చూసి తాళం పట్టుకుంటారు. వారమంతా నేను దానికోసమే బతుకుతున్నాను. మీకు నా మీద కోపముంటే చెప్పండి. అంతేగానీ ఇలా నా నోటిదగ్గర కూడు తీసెయ్యకండి."

లుద్విక్ చిత్రిక పట్టడం ఆపేశాడు. ఆయన మొహం మామూలుగానే చావు మొహం కాబట్టి, అందులో కొత్తగా ఏం మారిందో చెప్పడం కష్టం. రేపు క్రాన్ వెళ్దాం, ఇంకొకటి ఉంది అన్నాడు.

క్రాన్‌లో ఆస్కర్ అనే ముసలాయన నాలుగో అంతస్తులో ఒక్కడే ఉంటాడు. రేడియో బృందంలో నలభయ్యేళ్ళు జాజ్ వాయించాడు. ఇప్పుడు కీళ్ళవాతంతో వేళ్ళు అల్లం కొమ్ముల్లా తిరిగిపోయాయి. గిటారు పెట్టె మంచం కింద ఉంది. బయటికి లాగితే దాంతోపాటు దుమ్ము, ఒక చెప్పు కూడా వచ్చాయి. మిల్కా వాయించింది. ఆ శబ్దం తేనె కాదు, పాలూ కాదు. మెడపట్టీ లేని కుక్క మొరిగినట్టు ఒక్కసారి మొరిగి ఆగిపోయింది. వెడల్పు తక్కువ కావడంతో ఆమె చంకకింద సరిగ్గా ఇమిడింది.  ఆమె లుద్విక్ వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని ఆ మాటకోసం ఎదురుచూసింది.

మూడు తట్లు. చెవి. ముక్కు. అద్దం.

"కోళ్ళగూడు" అన్నాడు లుద్విక్.

"అక్షరాలా కోళ్ళగూడే" అన్నాడు ఆస్కర్. "నలభయ్యేళ్ళు దీన్ని మెత్తగా మాట్లాడించాలని చూశానండీ. జాజ్‌లో అందరూ గుసగుసలాడుతుంటే ఇది మధ్యలో మొరిగేది. పక్కవాళ్ళు నావైపు చూసేవాళ్ళు. దీని రెక్క పట్టుకుని లాక్కుపోండి, నాకు మంచం కింద చోటు మిగులుతుంది." తర్వాత మిల్కా వైపు తిరిగాడు. "ఏం వాయిస్తావమ్మా దీనిమీద, జాజా?"

పోల్కాలండీ, పెళ్ళిళ్ళలో, పండుగల్లో అని మిల్కా భయంభయంగా చెప్పింది.

"హమ్మయ్య. అక్కడ మొరగనీ. దాని పుట్టుకే అది, పాపం. తప్పు నాది, తప్పు ఇంట్లో పెంచాను."

బేరం ఒక్క మాటలో తెగింది. మెట్ల మీద లుద్విక్ ఆ గిటారు పెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకుని దింపాడు. ఆయన బుల్లి కారులో పెట్టె పట్టక ఒక కొస కిటికీలోంచి బయటికి పెట్టారు. ఊరి బయట గడ్డి ఆరబెట్టే పందిరి దగ్గర పొగమంచు మరీ చిక్కబడి దారి కనిపించకపోతే, ఆయన కారు ఆపాడు.

"ఆయనకు కోపం రాలేదు" అంది మిల్కా.

"రాలేదు."

"మిగతా అందరికీ వచ్చింది."

"అందుకే వాళ్ళవి కొనలేదు" అన్నాడు లుద్విక్. ఆయన స్టీరింగునే చూస్తున్నాడు. "ఇంట్లో మనిషి పోగానే నలుగురూ చేరి చెబుతారు. తీసెయ్, కళ్ళముందుంటే ఏడుస్తావు అని. వాళ్ళూ నిజమే కాబోలనుకుని కాగితం అంటిస్తారు. మనం వెళ్ళి బాగుంది అన్నామనుకో, ఇచ్చేస్తారు. మర్నాడు గోడ చూసుకుంటారు. అదే తిట్టామనుకో, ఇంకా తమదే అయితే ఒళ్ళు మండుతుంది. వదిలేసిన వస్తువైతే మండదు. ఎవరో ఒకళ్ళు తిట్టాలి పిల్లా. నేను తిడతాను, నాకేం పోయింది."

మిల్కాకు రేజ్కా పిన్ని వదలని చెయ్యి గుర్తొచ్చింది, ఒకే తలుపు దగ్గర నిలబడ్డ అన్నదమ్ములు గుర్తొచ్చారు. ఇది మీకెవరు నేర్పారు బాబాయ్ అని అడిగింది.

ఆయన కోటు చేతితో కారు అద్దం మీది ఆవిరి తుడిచాడు.

"మీ అమ్మ" అన్నాడు. "మీ నాన్న పోయిన పదిహేను రోజులకు నన్ను పిలిచింది. ఆస్ట్రియా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. నేను తట్టి చూసి, ఈ లోయలో దీన్ని మించిన గిటారు లేదు మాల్చీ అన్నాను. నిజమే చెప్పాను. అప్పట్లో నేను నిజమే చెప్పేవాణ్ణి. మీ అమ్మ నా మొహంలోకి చూస్తూనే ఉంది, నేను వద్దంటానేమోనని. నేను చెక్క చూశాను గానీ మనిషిని చూడలేదు. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చింది, వెనక్కి తేగలవా లుద్విక్ అని. మూడుసార్లు సరిహద్దు దాటి వెతికాను. దొరకలేదు."

మిల్కాకు మొదట వచ్చింది కోపమే. ఆరేళ్ళుగా ఆ మేకు చూసినప్పుడల్లా తల్లిమీద పెట్టుకున్న కోపం, ఇప్పుడు ఎటు తిప్పాలో తెలియక గుండెల్లో అడ్డం తిరిగింది. అమ్మ కూడా గోడ చూసుకుని కూర్చుందన్న సంగతి ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

"మీరు ఒక్క అబద్ధం ఆడి ఉంటే" అంది.

"అవును" అన్నాడాయన.  పొగమంచు కొంచెం పలచబడ్డాక కారు కదిలించాడు. ఊరు వచ్చేలోపు మిల్కా కళ్ళు తుడుచుకుని, నాన్న గిటారు నిజంగా అంత బాగుండేదా అని అడిగింది. అంత బాగుండేది అన్నాడు లుద్విక్. ఆ చిన్న మాటకు మిల్కా ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మార్టిన్ పండుగనాడు మధ్యాహ్నానికే ఫైర్ హాలు నిండింది. కొత్త ద్రాక్షరసం ఆ రోజుతో వైన్ అయిపోతుందని మా నమ్మకం. అయిందో లేదో పరీక్షించి చూడ్డానికి మూడూళ్ళ జనమూ వచ్చారు. బాతు వేపుడు వాసన వీధి చివరిదాకా ఉంది. లుద్విక్ తిట్టిన ఇళ్ళవాళ్ళంతా వరుసగా బల్లల దగ్గర కూర్చున్నారు. అది చూసి ఆయన హాలు వెనక భాగంలో నిలబెట్టిన ఫైరింజను చాటున నక్కాడు. నల్లకోటు వేసుకున్న ఆరడుగుల మనిషి ఎర్ర బండి వెనక ఎంత దాక్కోగలడో అంతే దాక్కున్నాడు.

మిల్కా తండ్రి కుర్చీలో కూర్చుంది. మొదటి పోల్కాకు ఆమె "చక్" హాలు చివరిదాకా వినబడింది. ట్రంపెట్ మనిషి వెనక్కి తిరిగి చూశాడు. బ్లాజ్ ఎకార్డియన్ మీంచి కనుబొమలు ఎగరేసి, ఇంకాస్త వేగం పెంచాడు. క్రాన్ నుంచి వచ్చిన అతని పెద్దమ్మ కొడుకు మాట్లాడకుండా బాతు కాలు అందుకున్నాడు. మిల్కా మొహంలో నవ్వు మా ఊరు చాలా ఏళ్ళ తర్వాత చూసింది.

మూడో పాటకు జనం గోల పెరిగిందని బ్లాజ్ గిటారు ముందు మైకు పెట్టాడు. బోలు గిటారుకూ మైకుకూ పడదు. గిటారు బొజ్జలోంచి వచ్చిన మోత స్పీకరులోకి పోయి, స్పీకరులోది మళ్ళీ బొజ్జలోకి వచ్చి, గిటారు తోడేలులా ఊళ పెట్టడం మొదలుపెట్టింది. జనం చెవులు మూసుకున్నారు. మిల్కా తీగలు అదిమిపెట్టినా ఆగలేదు. 

లుద్విక్ అన్నీ ఓర్చుకోగలడు గానీ అది ఓర్చుకోలేకపోయాడు. ఫైరింజను చాటునుంచి బయటికొచ్చి, హాలు మధ్యలోంచి పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వేదిక ఎక్కి, అందరి ముందూ కూర్చుని బూట్లు విప్పాడు. ఉన్ని మేజోళ్ళు రెండూ పీకాడు. ఒకటి ఈ కంతలో, ఒకటి ఆ కంతలో కుక్కాడు. ఊళ ఆగిపోయింది. "చక్" మాత్రం మిగిలింది. మిల్కా వాసనకు ముక్కు పక్కకు తిప్పుకుని, నవ్వాపుకుంటూ తాళం అందుకుంది.

ఆయన బూట్లు చేత్తో పట్టుకుని వేదిక దిగేసరికి తప్పించుకునే దారి లేదు. ఒకవైపు స్తానె, ఇంకోవైపు యూరె, వాళ్ళ వెనక టీచరమ్మ. ఎదురుగా నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని, ఎడమచెయ్యి పైకెత్తి రేజ్కా పిన్ని. వేళ్ళ కొసల గుడ్డపీలికలు ఇప్పుడు లేవు. ఆ చోట చర్మం గట్టిపడి ఉంది. వేదిక మీదినుంచి మిల్కా అది చూసింది. క్యాబేజీ తరిగితే అలా అవదని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ఏమయ్యా లుద్విక్" అంది రేజ్కా పిన్ని. "మా ఆయన గిటారును ఏమన్నావో గుర్తుందా? ఆదివారం మా ఇంటికి రా. వచ్చి కూర్చుని విను. మూడు స్వరాలు నేర్చుకున్నాను, నీ నోరు మూయించడానికే."

లుద్విక్ చావు మొహం మీద ఒక్క గీత కూడా కదల్లేదు.

"మూడుకు నేను రాను" అన్నాడు. "నాలుగోది వచ్చాక కబురుపెట్టు."